మమ్మల్ని మేమే వెతికిన రోజు

లిఫ్టు పాడైన మేడ, నాలుగో అంతస్తు
జూన్ మొదటి వారం

ఒరేయ్ శంఖం,

ఫోను చేస్తే ఎత్తవు. పొద్దున చేస్తే చెల్లెమ్మ ఎత్తి "ఆయన స్నానం చేస్తున్నారు అన్నయ్యగారూ" అంది. మధ్యాహ్నం చేసినా స్నానమే. సాయంత్రం చేసినా అదే మాట. కాలేజీలో చన్నీళ్ళ కొళాయి చూస్తే గోడెక్కేవాడివి, ఇప్పుడు చేపజన్మ ఎత్తావా? ఆవిడకు అబద్ధమాడటం చేతకాదురా. చేతకాని పని ఆవిడ చేత చేయించకు.

ఫోను ఎత్తకపోతే మానె, ఉత్తరమైతే చచ్చినట్టు చదువుతావు. విషయం ఏమిటంటే, నవంబరులో మన సైనిక కళాశాల బ్యాచ్ అంతా కలవాలని నిర్ణయం అయింది. ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. "తాబేలు గాడికి అప్పగిస్తే ఆలస్యమైనా పని ఆగదు" అన్నారట. పొగిడారో తిట్టారో నాకు ఇంకా తెలియలేదు. హాలు దొరికింది, కుర్చీలు దొరికాయి. అందరూ అడిగేది మాత్రం ఒకటే: "శంఖం ఆ కథ చెప్తాడు కదా?"

ఏ కథో నీకు చెప్పక్కర్లేదు. మనల్ని మనమే వెతుక్కున్న కథ. ఎప్పుడు కలిసినా నువ్వు లేచి నిలబడి, అందరి గొంతులూ నువ్వే పెట్టి చెబుతావు. అది వినకపోతే మనవాళ్ళకు అన్నం అరగదు. వస్తానని ఒక్క ముక్క రాయి, చాలు.

నీ
తాబేలు

*

కొత్త రంగు వేసిన గేటు ఉన్న ఇల్లు, ముందుగది
జూన్ ఆఖరు

తాబేలు మహాశయా,

ఫోను నాకు విసుగొచ్చింది. మన కాలేజీ రోజుల్లో ఫోన్లు ఎక్కడివి? ఉత్తరాల మీదే బతకలేదా? ఇక ముందు ఉత్తరాలే.

పని ఎక్కువగా ఉంది. గోదాము కాపలావాళ్ళకు డ్రిల్ నేర్పే ఉద్యోగానికి కొన్నాళ్ళు సెలవు పెట్టాను. సెలవు పెట్టాక పని ఎక్కువేమిటంటావా? గేటుకు రంగు వేశాను. ఆరాక నచ్చలేదు, గీకి మళ్ళీ వేశాను. మంచం కిటికీ పక్కకు జరిపాను, ఎండ కొడుతోందని గోడ పక్కకు జరిపాను, అక్కడ గాలి రావడం లేదని ఇంకో చోటికి జరిపాను. మీ చెల్లెమ్మ "దాన్నలా వదిలేయండి, అలిసిపోయింది" అంది. మంచం సంగతో నా సంగతో అడగలేదు.

నవంబరు సంగతి. కథ ఈసారి నువ్వు చెప్పు. ఎన్నేళ్ళని ఒక్కడే వాయిస్తాడు? నువ్వూ అక్కడున్నావు కదా. అసలు ముద్దాయివి నువ్వే.

శంఖం

*

అదే మేడ, మెట్లెక్కి ఇప్పుడే కూలబడ్డాను
జూలై రెండో వారం

ఒరేయ్,

నువ్వు కథ ఇంకొకడికి ఇచ్చావా? కిందటిసారి నేను మధ్యలో ఒక్క మాట అందిస్తే "నువ్వు నోరు మూసుకో, పాడుచేస్తావు" అన్నవాడివి. నాకేదో తేడాగా ఉంది. కానీ అడిగితే చెప్పవు కాబట్టి అడగను.

సరే, నేను చెప్పాలంటే ముందు సాధన కావాలి. రాసి పంపుతున్నాను, తప్పులుంటే దిద్దు.

మనది మూడో గది. పన్నెండు మందిమి, పన్నెండు మంచాలు. మర్నాడు పెద్ద తనిఖీ. ఆ కాలేజీలో దుప్పటి పరవడం అంటే మామూలు పరవడం కాదు. నాణెం వేస్తే అది ఎగిరిపడాలి, అంత బిగువుగా ఉండాలి. మూలలు మడవడానికే ఒక పూట పట్టేది. ఒకసారి అలా బిగించాక దాని మీద పడుకునే పాపం ఎవడు చేస్తాడు? నేల మీద పడుకుందామంటే నేలకు మైనం రాసి అద్దంలా తుడిచాం. అందుకని పన్నెండు మందిమీ మంచాల కింద దూరి పడుకున్నాం. ఆ తెలివి నీదే.

తెల్లవారగానే కొత్త కెప్టెన్ గారు వచ్చారు. ఆయన కాలేజీలో చేరి రెండు రోజులైంది. మన మొహాలు ఆయనకు తెలియవు. అంతకు ముందు వారమే పక్క హాస్టల్ కుర్రాళ్ళు ముగ్గురు గోడ దూకి పారిపోయారు కాబట్టి ఆయన ముందే హడలిపోయి ఉన్నారు. తలుపు తీసి చూస్తే ముడత లేని పన్నెండు పక్కలు. మనిషి లేడు. గది గదంతా పారిపోయిందనుకుని అపాయం గంట కొట్టించారు.

గంట వినగానే మనం లేచాం. లేచాం అంటే, పన్నెండు తలలూ పన్నెండు మంచాలకు కొట్టుకున్నాయి. గంట మోగితే మైదానంలో వరస కట్టాలన్నది ఒక్కటే తెలుసు కాబట్టి బొప్పి కట్టిన నుదుళ్ళతో వెనక తలుపు గుండా పరుగెత్తి వరసలో నిలబడ్డాం. అందరికంటే ముందు మనమే. కెప్టెన్ గారు మన చురుకుదనం చూసి మెచ్చుకుని, "పన్నెండు మంది పారిపోయారు. మీరు కొండ వైపు వెళ్ళి వెతకండి" అన్నారు.

నేను "ఏ గది వాళ్ళు సార్?" అని అడిగాను.

"మూడో గది" అన్నారు.

తర్వాత కొండ ఎక్కాం, వెతికాం, దొరికిపోయాం. అంతే కదా? ఇక్కడి నుంచి నాకు సరిగ్గా గుర్తులేదు.

నీ
తాబేలు

*

ముందుగది. కాదు, పెరటి మెట్ల మీద
జూలై ఆఖరు

ఒరేయ్ తాబేలూ,

"ఎక్కాం, వెతికాం, దొరికిపోయాం." ఛీ! పెళ్ళికి పిలిచి మంచినీళ్ళిచ్చి పంపినట్టుంది. ఇలా చెబితే నవంబరులో జనం కుర్చీలు మడిచేసి వెళ్ళిపోతారు. నీకు గుర్తులేకపోవడం ఏమిటిరా, నువ్వే కదా అంతా నాశనం చేసింది!

విను. "మూడో గది" అనగానే పన్నెండు మందిమీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అక్కడ నువ్వు ఒక్క క్షణం ఆగాలి. ఆగి, మొహాలు చూపించాలి. అప్పుడే "మేమే సార్" అంటే సరిపోయేది. కానీ ఆయన అప్పటికే కమాండెంటు గారికి కబురు పంపారు, జీపులు బయలుదేరాయి, కుక్కల్ని తెప్పిస్తున్నారు. ఇంత హంగామా అయ్యాక మంచాల కింద ఉన్నామని ఎవడు చెబుతాడు? వరసలో ముందు నిలబడ్డవాణ్ణి నేనే కాబట్టి, నోరు తెరిచి "వెతకడానికి, ముందుకు నడు!" అని ఆజ్ఞ ఇచ్చేశాను. అలా బయలుదేరాం, మనల్ని వెతకడానికి మనమే, వెనక కెప్టెన్ గారు.

ముళ్ళపొదలు కర్రలతో కొట్టాం. పాడుబడ్డ ఇటుకబట్టీలో తలదూర్చి చూశాం. నీళ్ళ డ్రమ్ము మూత తీసి లోపలికి కేకేశాం. కొండను ఓ చుట్టు చుట్టి వచ్చేసరికి బురదలో బూట్ల గుర్తులు కనిపించాయి. కెప్టెన్ గారు వంగి చూసి "తాజావి! ఇటే వెళ్ళారు! దగ్గర్లోనే ఉన్నారు!" అని గంతేశారు. నిజమే మరి, చాలా దగ్గర్లోనే ఉన్నాం.

నీ సంగతి నువ్వే మరిచావు కాబట్టి నేను చెప్పాలి. ఎండ ఎక్కేసరికి నీకు నిజంగానే ఆ పారిపోయినవాళ్ళ మీద కోపం వచ్చింది. చెమట తుడుచుకుంటూ "దొరకనీ వెధవల్ని, ఒక్కొక్కడి తోలు వలుస్తాను! మనకిదంతా ఎందుకు చెప్పు?" అన్నావు. నేను నీ మొహంలోకి చూశాను. నువ్వు నటించడం లేదు!

కొండ కొమ్మున కెప్టెన్ గారు ఆఫీసు నుంచి వచ్చిన పేర్ల కాగితం నా చేతిలో పెట్టి "నీ గొంతు పెద్దది. ఆ బండెక్కి ఒక్కొక్కరినీ పిలువు" అన్నారు. ఎక్కాను. పిలిచాను. మొదటి పేరే నాది. నా పేరు నేనే గొంతు చించుకుని పిలిచాను. పిలిచి, సిగ్గులేకుండా చెయ్యి చెవికి ఆనించి జవాబు కోసం ఆగాను కూడా. లోయంతా నా పేరే తిరిగి వచ్చింది. కెప్టెన్ గారు "ఇంకా గట్టిగా!" అన్నారు. మళ్ళీ పిలిచాను.

రెండో పేరు నీది. పిలిచీ పిలవగానే, కెప్టెన్ గారి పక్కనే, ఆయన చెవి పక్కనే, మడమలు టప్పున కొట్టి "హాజర్ సార్!" అన్నావు.

రోజూ హాజరు వేసేటప్పుడు పలికినట్టు పలికావు, అంతే. నీ వల్ల వరస కదిలింది. నేను బండ మీద నోరు ఆపుకోలేక మిగతా పేర్లు కూడా చదివేశాను, ఒక్కొక్కడూ అలవాటు కొద్దీ పలికేశాడు. హాజర్ సార్, హాజర్ సార్, హాజర్ సార్. కెప్టెన్ గారు ఒక రాయి చూసుకుని దాని మీద కూర్చున్నారు. టోపీ తీశారు. "దొరికారన్నమాట" అన్నారు.

ఒక్క పూటలో పన్నెండు మందినీ పట్టుకున్నందుకు కమాండెంటు ఆయన భుజం తట్టారు. మనకేమో నెల రోజులు కాలేజీ మొత్తానికి పక్కలు పరిచే పని.

ఇలా చెప్పాలిరా! ఆ "ఇంకా గట్టిగా" అన్న మాట ఆయన ముక్కుతో అనాలి. నీ "హాజర్" సన్నగా, కోడిపుంజు కూసినట్టు రావాలి. రాసి గదిలో ఒకసారి గట్టిగా చదివి చూద్దామనుకున్నాను. సగంలో ఆపేశాను.

ఇక చాలు. నేను నవంబరుకు రాను. కారణం అడగకు.

శంఖం

*

నాలుగో అంతస్తు
ఆగస్టు మొదటి వారం

శంఖం,

కారణం అడగను. నిన్న చెల్లెమ్మ ఫోను చేసి చెప్పింది. వీధి చివర మందుల దుకాణం నుంచి చేసింది, నువ్వు వింటావని భయపడి. కట్టుకున్న మనిషికి పరాయివాడి ఫోను నుంచి మాట్లాడే గతి పట్టించావు, బాగానే ఉంది.

గొంతులో పుండు అటగా. అది మంచిది కాదని మేలోనే తేలిందట. స్వరపేటిక మొత్తం తీసేస్తే మనిషి దక్కుతాడని డాక్టరు చెప్పాడట. జూలైలో ఆపరేషన్‌కు చేరమంటే, పెట్టె సర్దుకుని ఇంట్లోంచి బయలుదేరి, ఆసుపత్రికి వెళ్ళకుండా ఎటో పోయి చీకటి పడ్డాక వచ్చావట. ఆ పెట్టె ఇంకా తలుపు వెనకే ఉందట, విప్పనివ్వవట, ఎత్తనివ్వవట.

నాకు ఒళ్ళు మండిపోతోంది. గేటుకు రంగేశాను, మంచం జరిపాను అని నాకు రాశావే, ఆ వేలికి ఈ రెండు మాటలు రాయడానికి ఏం రోగం వచ్చింది? నేను నవంబరులో కుర్చీలు లెక్కపెట్టుకుంటుంటే నువ్వు అక్కడ... పైగా నా కథ బాగాలేదని తిట్లు.

ఎందుకు వెళ్ళలేదు? నిజం రాయి. లేకపోతే రేపే వచ్చి మీ గేటు ముందు కూర్చుంటాను.

తాబేలు

*

ముందుగదిలో మొదలుపెట్టాను, వంటింట్లో ముగిస్తున్నాను
ఆగస్టు

ఒరేయ్,

ఆవిడ నీకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పింది కాబట్టి రాస్తాను.

ఆ రోజు ఆసుపత్రి స్టాపులో బస్సు ఆగింది. లేచాను కూడా. పెట్టె చేతిలో ఉంది. కండక్టరు "దిగుతారా?" అన్నాడు. మళ్ళీ కూర్చున్నాను. బస్సు చివరి స్టాపు దాకా పోయింది. అక్కడ దిగి ఇంకో బస్సెక్కాను. అది కూడా చివరి దాకా పోయింది. మీ చెల్లెమ్మకు వచ్చి ఏమీ చెప్పలేదు. అప్పటికే గొంతు సగం పోయింది, మాట్లాడితే రంపం కోసినట్టుంటుంది. నీ ఫోను అందుకే ఎత్తలేదు.

ఒక చోట కూర్చోలేకపోతున్నానురా. కూర్చుంటే ఆ డాక్టరు మాట గుర్తొస్తుంది. నడిస్తే కాస్త నయం. వీధి చివరి దాకా వెళ్ళి వస్తాను, మళ్ళీ వెళ్తాను. ఎదురింటాయన ఏదో పోగొట్టుకున్నాననుకుని నేల మీద వెతికి పెట్టబోయాడు పాపం.

నాకు చావంటే భయం లేదు. సైన్యంలో ఎన్నోసార్లు దాని గుమ్మం దాకా వెళ్ళి వచ్చినవాళ్ళమే కదా మనం. నాకు భయం దేనికంటే, ఆ గొంతు పోయాక మిగిలేవాడు ఎవడో నాకు తెలియదు. చదువులో నేను మొద్దును. లెక్కలు నీ దగ్గర చూసి రాశాను. నలుగురిలో నన్ను నిలబెట్టింది గొంతు ఒక్కటే. డ్రిల్‌కు ముందు నిలబెట్టారంటే గొంతు చూసి, ఉద్యోగం ఇచ్చారంటే గొంతు చూసి, ఆవిడ పెళ్ళికి ఒప్పుకుందంటే పక్కగదిలోంచి నా నవ్వు విని. మెడలో కన్నం పెట్టుకుని, పలక మీద రాసి మంచినీళ్ళడిగే ముసలివాణ్ణి ఎవడు పిలుస్తాడు? పిలిస్తే నేను ఏమని పలకను?

ఉన్నన్నాళ్ళూ ఉంటాను, నా గొంతుతోనే పోతాను. నువ్వు రాకు.

శంఖం

*

రైలు స్టేషను, రెండో ప్లాట్‌ఫారం బల్ల
ఆగస్టు, మూడో వారం

ఒరేయ్ శంఖం,

నీ ఉత్తరం చదివి మెట్లు దిగాను. దిగాక ఎందుకు దిగానో తెలియలేదు. మళ్ళీ ఎక్కాను. నీ జబ్బు నాకూ అంటించావు. అందుకే సంచీ సర్దుకుని స్టేషనుకు వచ్చాను. బండి ఆలస్యమట. ఈ ఉత్తరం నాతోపాటే తెచ్చి నీ చేతిలో పెడతాను. ఎదురుగా ఉంటే నాకు మాట రాదు, నీకు తెలుసు.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్తాను. మీ వదిన పోయినప్పుడు "గుండె ఆగింది" అని అందరికీ చెప్పాను. అది కాదు. రొమ్ములో గడ్డ కనిపించిన నెలలోనే కోయించుకోమన్నారు. అది "అమ్మాయి కాన్పు అయ్యాక" అంది. కాన్పు అయ్యాక "పిల్ల కూర్చోవడం నేర్చాక" అంది. నేను సరేనన్నాను, దానికి భయమని నాకు తెలుసు కాబట్టి. మనవరాలు కూర్చోవడం నేర్చింది. అప్పటికి డాక్టర్లు కోయడానికి ఏమీ లేదన్నారు. వాయిదా వేస్తే ఏమవుతుందో పక్కన కూర్చుని చూసినవాణ్ణిరా నేను. రెండోసారి చూడలేను. నాకు అంత ఓపిక లేదు.

ఇక నీ గొంతు సంగతి. దాన్ని చూసి మేం నీతో స్నేహం చేశామనుకుంటున్నావా? ఎవడు చెప్పాడు? దాన్ని మేం భరించాంరా! నువ్వు స్నానాల గదిలో పాడితే బకెట్లు ఎత్తుకుని పారిపోయేవాళ్ళం. రహస్యం చెబితే మూడు గదులకు వినబడేది. సినిమాకు తీసుకెళ్తే ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి తిట్టేవాళ్ళు. పరీక్షలో నా కాగితంలో చూసి రాస్తూ "ఇది ఏడా, ఒకటా?" అని హాలంతా వినబడేలా అడిగిన మహానుభావుడివి. అయినా నీతోనే ఉన్నాం. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని నా బూట్లు పాలిష్ చేసి పెట్టావు. అప్పుడు ఒక్క మాటా మాట్లాడలేదు నువ్వు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు కాబట్టి.

ఆ కొండ మీద నువ్వు పిలిస్తే వెనకా ముందూ చూడకుండా పలికి అందరినీ ముంచినవాణ్ణి. ఇప్పుడు నేను పిలుస్తున్నాను. ఒక్కసారి పలకరా. గొంతుతో కాదు, ఆ పెట్టె ఎత్తి పలుకు.

బండి వస్తోంది.

తాబేలు

*

ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ మంచం
సెప్టెంబరు

తాబేలూ,

నువ్వు కిందికి టీ తాగడానికి వెళ్ళావు కాబట్టి రాస్తున్నాను. పలక మీద రాస్తే చెరిపేస్తారు, ఇది దాచుకో.

నన్ను తోసుకెళ్ళే ముందు నర్సు "ఏమైనా మాట్లాడాలనుకుంటే ఇప్పుడే మాట్లాడండి" అంది. మీరిద్దరూ అక్కడే ఉన్నారు. ఇన్నేళ్ళు ఇంత వాగినవాణ్ణి, ఆఖరి మాట ఒక్కటీ తట్టలేదు. "మంచినీళ్ళు" అన్నాను. తాగకూడదన్నారు. అంతే, నా గొంతు చరిత్ర అక్కడ ముగిసింది.

ఇక్కడ పడుకోబెట్టారు గానీ నాకు ఊపిరాడటం లేదు. ఆడుతోంది, మెడలోంచి. ఆ చప్పుడు నాది కాదనిపిస్తోంది. లేచి తిరుగుతానంటే గొట్టాలు అడ్డం. రాత్రి దగ్గొచ్చి, మీ చెల్లెమ్మను పిలవబోయి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆవిడ అప్పటికే లేచి కూర్చుని ఉంది. ఎలా లేచావని పలక మీద అడిగితే, "నలభై ఏళ్ళుగా మీ అరుపులకు లేచానా? మీరు కదిలితే లేచేదాన్ని" అంది.

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. నవంబరుకు రానని మళ్ళీ చెబుతున్నాను. నువ్వు అప్పుడే వెళ్ళిపోకు.

శంఖం

*

కొత్త రంగు వేసిన గేటు ఉన్న ఇల్లు, ముందుగది
నవంబరు ఆఖరు

ఒరేయ్ తాబేలూ,

ఇంటికి క్షేమంగా చేరాం. రైల్లో ఒక పిల్ల నా మెడకున్న కన్నం చూసి వాళ్ళమ్మను అడిగింది. వాళ్ళమ్మ పిల్ల నోరు మూయబోయింది. నేను దగ్గరకు పిలిచి చూపించాను. రాత్రంతా నా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పింది. నేను అడ్డు రాను కదా.

ఆ హాల్లోకి రావడం నాకు ఇష్టం లేదని నీకు తెలుసు. తలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. మీ చెల్లెమ్మ చెయ్యి పట్టుకుంది, నువ్వు వెనక నుంచి తోశావు. కూర్చున్నాక కూడా లేచిపోదామనే చూస్తున్నాను. నువ్వు కథ మొదలుపెట్టావు.

ఎంత ఘోరంగా చెప్పావురా! నుదుళ్ళ బొప్పుల సంగతి మర్చిపోయి, కొండ సగం ఎక్కాక గుర్తొచ్చి మళ్ళీ గదిలోకి వెళ్ళావు. కెప్టెన్ గారి ముక్కు గొంతు నీకు రాలేదు. బూట్ల గుర్తుల దగ్గర దగ్గొచ్చి నీళ్ళు తాగావు. నేను ఆగలేక బల్ల గుద్దాను, చేతులతో బండ చూపించాను, లేచి నిలబడి చెయ్యి చెవికి ఆనించాను. చివరికి నువ్వు "హాజర్ సార్" అన్నావు. అన్నాక హాలంతా నవ్వింది.

అప్పుడు నేను చెప్పదలచుకున్నది ఇది, అక్కడ రాయడానికి చేతులు ఆడలేదు. ఇన్నేళ్ళుగా ఆ కథ నేనే చెప్పాను. చెప్పి, మీ అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నేనే నవ్వేవాణ్ణి. మీరు ఎలా నవ్వుతారో నేను ఎన్నడూ వినలేదురా. మొన్న మొదటిసారి విన్నాను. ఒకడికి ఈల వస్తుంది. ఒకడు నవ్వుతూ నవ్వుతూ "అయ్యో అయ్యో" అంటాడు. మీ చెల్లెమ్మకు అసలు చప్పుడే ఉండదు, భుజాలు మాత్రం ఊగుతాయి. నువ్వు నవ్వు మొదలుపెట్టి ఏడుపులోకి పోయి మళ్ళీ నవ్వులోకి వస్తావు.

అది మా వదిన పోయాక వచ్చిందా, ముందు నుంచీ ఉందా, నాకు తెలియదు. నీ పక్కన ఇన్నేళ్ళు కూర్చుని కూడా తెలియదు. ఇంటికి వచ్చినప్పటి నుంచి అదే ఆలోచిస్తూ గది చుట్టూ తిరుగుతున్నాను.

ఆ సంగతి నువ్వే చెప్పు. ఫోను చెయ్యి. నేను ఎత్తుతాను, పలకలేను, వింటాను.

శంఖం